సరోజ టీచర్ నంబరు వాళ్లకెలా తెలిసింది? లోన్ యాప్ వేధింపుల కేసులో ప్రైవసీ పాలసీ చేసిన పని

వినియోగదారుల కేసులు చూసే అడ్వకేటుని. లోన్ యాప్‌ల వేధింపులతో వచ్చేవాళ్లు నా ఆఫీసులో కొన్నేళ్లుగా కనిపిస్తూనే ఉన్నారు. వాళ్లలో ఈ ఒక్క కేసే రాయడానికి కారణం ఉంది. ఇందులో మాకు దారి చూపింది కంపెనీ తనంతట తాను రాసి వెబ్‌సైట్‌లో పెట్టుకున్న ప్రైవసీ పాలసీ. అది ఎవరూ చదవరన్న ధీమాతో రాసే కాగితమని చాలామంది అనుకుంటారు. చదివితే అందులో ఏం దొరుకుతుందో ఈ కేసు చూపిస్తుంది.

క్లయింటు అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, క్లయింటు పేరు, యాప్, అప్పిచ్చిన కంపెనీ, ఏదీ చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న చిన్న చిన్న వివరాలు మార్చాను.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఆవిడ ఇంటి ముందు గదిలో టైలరింగ్ షాపు నడుపుతారు. జాకెట్లు, లంగా ఓణీలు, పికో, ఫాల్. మగ్గం వర్కు బయట ఇచ్చి చేయిస్తారు. కొలతలు రాసుకునే పుస్తకం ఉంది గానీ, వ్యాపారం అసలు నడిచేది ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టు మీద. ఆవిడ పేర్లు సేవ్ చేసుకునే తీరు ఇలా ఉంటుంది: "పట్టు జాకెట్ వాణి", "బోట్ నెక్ సరోజ టీచర్", "యార్డ్ లక్ష్మి పికో", "రమ బాకీ 450". మనిషి పేరు, కుట్టిన బట్ట, రావాల్సిన డబ్బు అన్నీ ఆ ఒక్క వరసలోనే. ఈ అలవాటే తర్వాత మాకు సాక్ష్యమైంది.

2024 ఫిబ్రవరిలో పికో మిషన్, మోటారు కొనడానికి 30 వేలు కావలసి వచ్చింది. డ్వాక్రా గ్రూపులో ఆవిడ వంతు ఇంకా రాలేదు. తమ్ముడు తన వాట్సాప్‌కి వచ్చిన లింకు నుంచి ఆవిడ ఫోన్‌లో ఒక యాప్ దించాడు, ప్లే స్టోర్ నుంచి కాదు. ఆధార్, పాన్, సెల్ఫీ, ఓటీపీ. మధ్యలో కాంటాక్ట్స్ చూడనివ్వమని అడిగితే "అలో" నొక్కాడు. కాసేపట్లో డబ్బు ఖాతాలో పడింది. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకున్నారు.

మూడు నాలుగు వాయిదాలు సక్రమంగా కట్టారు. ఆ వేసవిలో మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. దాని వెనకే ఆషాఢం. జాకెట్ల ఆర్డర్లు పడిపోయాయి, జులై వాయిదా తప్పింది.

ఆవిడ నా దగ్గరకు వచ్చేనాటికి

వాయిదా తప్పిన వారంలోపే ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఆవిడకి, తర్వాత తమ్ముడికి, ఆ తర్వాత కస్టమర్లకి. రాత్రి తొమ్మిదికీ, తెల్లవారి ఆరున్నరకీ. "ఫలానా ఆవిడ డబ్బు ఎగ్గొట్టింది, మీ పేరు హామీగా ఇచ్చింది" అని చెప్పేవారట. సెల్ఫీ మీద ఎర్ర అక్షరాలతో "దొంగ" అని రాసి కొందరికి వాట్సాప్‌లో పంపారు. ఒక కస్టమరు సగం కుట్టిన జాకెట్, పట్టుచీర వెనక్కి పట్టుకుపోయారు.

ఆవిడ నాతో మొదట అన్న మాట ఇది: "అప్పు తీసుకున్నది నేను మేడమ్. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. నా దగ్గర కుట్టించుకునేవాళ్లకి ఫోన్లు చేయడం ఏంటి?"

నాకు ఆ ప్రశ్నలోనే కేసు కనిపించింది. అప్పు వ్యవహారం వేరు, సమాచారం వ్యవహారం వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే "ముందు బాకీ కట్టి మాట్లాడండి" అని ఎవరైనా నోరు మూయించగలరు. అందుకే మొదటి రోజే ఒక నిర్ణయం తీసుకున్నాం. బాకీ ఎంతో దాచేది లేదు, ఎగ్గొట్టేది లేదు, కడతాం. కస్టమర్ల నంబర్లు ఎలా తీసుకున్నారో, ఎవరికిచ్చారో మాత్రం వాళ్లు జవాబు చెప్పాలి.

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరకు వచ్చే ముందు ఇంట్లోవాళ్లు తోచినవన్నీ ప్రయత్నించారు. ఎవరైనా చేసే పనులే అవి. ఎందుకు ఫలించలేదో చెప్పుకోవాలి.

మొదట యాప్ తీసేశారు. ఫోన్లు ఆగలేదు. కాంటాక్ట్ లిస్టు ఒకసారి సర్వరుకి చేరాక యాప్ తీసేసినా, పర్మిషన్ ఆపేసినా అవతల ఉన్న కాపీ పోదు. పర్మిషన్ ఆపడం వల్ల ఇకమీదట కొత్తగా ఏమీ తీసుకోలేరు, అంతే. పైగా యాప్ పోవడంతో లోన్ అగ్రిమెంటు, వాయిదాల పట్టిక కూడా చేతికి అందకుండా పోయాయి. దాన్ని మళ్లీ వేసి, ఈసారి కాంటాక్ట్స్, ఫొటోలు వద్దని చెప్పి, లోపలున్న ప్రతి పేజీకీ స్క్రీన్‌షాట్ తీయించాను.

రెండోది డబ్బు కట్టడం. రికవరీ ఏజెంటు ఒక యూపీఐ ఐడీ పంపి "ఇందులో కట్టేయండి, ఈ రాత్రికే ఆపేస్తాం" అన్నాడు. తమ్ముడు అప్పు చేసి మరీ ఒక వాయిదా కట్టాడు. ఆ డబ్బు లోన్ ఖాతాలో జమ కాలేదు. అది ఎవరో వ్యక్తి పేరు మీద ఉన్న ఐడీ. వాయిదా డబ్బు నేరుగా అప్పిచ్చిన సంస్థ ఖాతాలోకే వెళ్లాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మధ్యలో ఎవరి ఖాతాకీ వెళ్లకూడదు.

మూడోది పోలీసు స్టేషను. "అప్పు తీసుకున్నారు కదమ్మా, కట్టేయండి" అని పంపేశారు. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించాం. నంబరు వచ్చింది, ఆ మార్ఫింగ్ ఫొటో విషయంలో అది అవసరమే. కానీ ఈలోగా రోజూ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

నంబరు మార్చేయమని ఒకరు సలహా ఇచ్చారట. ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ వద్దన్నాను. షాపు బోర్డు మీద, కవర్ల మీద ఉన్నది ఆ నంబరే. పైగా వాళ్లు వేధిస్తున్నది కస్టమర్లని. ఈవిడ నంబరు మారిస్తే వాళ్ల ఫోన్లు మోగడం ఆగదు.

తమ్ముడు ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేద్దామన్నాడు. దాన్ని గట్టిగా ఆపాను. కోర్టుకు వెళ్లే పరిస్థితే వస్తే కాల్ రికార్డులకు, మెసేజీలకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అవి ఉన్న ఫోనునే చెరిపేస్తే ఇక ఇవ్వడానికి ఏమీ మిగలదు.

అసలు అప్పిచ్చింది ఎవరు?

లోన్ యాప్ కేసు ఏదైనా నేను ముందు తేల్చుకునేది ఇదే. యాప్ వెనకాల రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరైన సంస్థ ఉందా, లేక ఊరూ పేరూ లేని ముఠానా? ముఠా అయితే పాలసీ చదివి ఉత్తరాలు రాయడం కాలయాపన, నేరుగా పోలీసులే దిక్కు. రిజిస్టరైన సంస్థ ఉంటే దానికి లైసెన్సు ఉంటుంది, పోతుందన్న భయం కూడా ఉంటుంది.

ఈ తేడా మనకి చాలా ఖరీదు కట్టాక తెలిసింది. 2020 చివర్లో తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంకు వర్కింగ్ గ్రూపు వేసింది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన నివేదిక మన దేశంలో ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికే రుణ యాప్‌లు సుమారు 1,100 ఉన్నాయని, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని తేల్చింది. దాని ఫలితంగా 2022 సెప్టెంబరు 2న డిజిటల్ రుణాల మార్గదర్శకాలు వచ్చాయి. రుణ యాప్ ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్ ముట్టుకోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ మాత్రం ఖాతా తెరిచేటప్పుడు, కేవైసీ కోసం, అడిగి, ఒక్కసారి వాడుకోవచ్చు. ప్లే స్టోర్ కూడా 2023 మే 31 నుంచి వ్యక్తిగత రుణ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు తీసుకోవడాన్ని నిషేధించింది. మన కేసులో యాప్ లింకు ద్వారా వచ్చింది కాబట్టి ఆ వడపోత కూడా లేకపోయింది.

బ్యాంకు పాస్‌బుక్ తెప్పించి చూశాను. ఫిబ్రవరిలో డబ్బు జమైన వరసలో యాప్ పేరు లేదు. వేరే పేరుంది. రిజర్వ్ బ్యాంకు జాబితాలో వెతికితే అది రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీయే, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ. ఇక కేసు ఉత్తరాలతో నడిచే రకమని అర్థమైంది.

మొదటి మెయిలు, దానికొచ్చిన జవాబు

యాప్ కస్టమర్ కేర్‌కి ఆవిడ పేరుతోనే ఒక మెయిలు పెట్టించాను. వేధింపులు ఆపాలని, కస్టమర్లకి ఫోన్ చేయొద్దని మర్యాదగా రాశాం. అప్పటికి లాయరు పేరు పెట్టదలచుకోలేదు. లాయరుకి ఇచ్చే జవాబు ఆచితూచి రాస్తారు. మామూలు కస్టమరుకిచ్చే జవాబులో వాళ్ల అసలు వాదన బయటపడుతుంది.

రెండు రోజుల్లో జవాబొచ్చింది. సారాంశం: మీరు రుణం తీసుకునేటప్పుడు మా ప్రైవసీ పాలసీకి సమ్మతించారు, దాని ప్రకారమే మీ సమాచారాన్ని వాడుతున్నాం.

ఇంట్లోవాళ్లు ఆ జవాబు చూసి డీలా పడిపోయారు. తమ్ముడైతే "తప్పు నాదే మేడమ్, చదవకుండా నొక్కేశాను" అని తల పట్టుకున్నాడు. నాకు మాత్రం అది మంచి జవాబే అనిపించింది. సమాచారం ఎక్కడిదో తెలియదని వాళ్లు బుకాయించలేదు. పాలసీ ప్రకారమే వాడామని లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు. ఇక ఆ పాలసీలో ఏముందో చూడటమే మిగిలింది.

పాలసీ చదివాం

ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాం. ఆవిడని, తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లిష్‌లో ఉన్న ఒక్కో పేరా తెలుగులో చెబుతూ వెళ్లాను. ముందుగా చూసింది పై భాగంలో చిన్న అక్షరాల్లో ఉండే తేదీ. చివరిసారి మార్చింది 2024 జూన్‌లో. ఆవిడ అప్పు తీసుకున్నది ఫిబ్రవరిలో. అంటే ఇప్పుడు వెబ్‌సైట్‌లో కనిపించే పాలసీ ఆవిడ ఒప్పుకున్న పాలసీ కాదు. వాళ్ల జవాబులో "మీరు సమ్మతించిన పాలసీ" అన్నది ఏ పాలసీ?

పాత పాలసీ కోసం, వెబ్ పేజీల పాత కాపీలు దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతికాను. ఫిబ్రవరికి ముందు నాటి కాపీ దొరికింది. ఎవరైనా ఉచితంగా చూడగలిగేదే అది. అన్ని పేజీలూ దొరుకుతాయన్న హామీ లేదు, ఈ పేజీ ఉండటం మా అదృష్టం. రెండు పాలసీలనూ పక్కపక్కన పెట్టుకుంటే విషయం తేటతెల్లమైంది.

పాతదాంట్లో కాంటాక్ట్ లిస్టు మొత్తాన్ని సర్వరుకి ఎక్కించుకుంటామని, రుణ అర్హత లెక్కకూ వసూలుకూ వాడతామని, సర్వీసు భాగస్వాములకు ఇస్తామని ఉంది. కొత్తదాంట్లో ఆ పేరా మాయమైంది. దాని స్థానంలో, యూజరు తానే ఎంచుకుని ఇచ్చిన ఇద్దరి రిఫరెన్సు నంబర్లు తప్ప ఇంకెవరి నంబర్లూ తీసుకోమని రాసి ఉంది.

ఇప్పుడు కంపెనీకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాత పాలసీ ప్రకారం చేశామంటే, రిజర్వ్ బ్యాంకు 2022లోనే వద్దన్న పని 2024లో చేశామని తమ రాతతో ఒప్పుకున్నట్టు. కొత్త పాలసీ ప్రకారం చేశామంటే, సరోజ టీచరుకి ఫోన్ ఎందుకు వెళ్లిందో చెప్పలేరు. ఆవిడ ఇచ్చిన రిఫరెన్సులు తమ్ముడు, మరదలు. కస్టమర్లెవరూ అందులో లేరు.

పాలసీలో మాకు పనికొచ్చిన సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. యాప్ నడిపేది ఒక టెక్నాలజీ కంపెనీ, అది అప్పిచ్చే సంస్థ కాదని మొదటి పేరాలోనే ఉంది. అప్పిచ్చే భాగస్వాముల పేర్లు చివరి అనుబంధంలో ఉన్నాయి. అందులో పాస్‌బుక్‌లో కనిపించిన పేరు ఉంది. రికవరీ ఏజెన్సీకి సమాచారం ఇస్తామని ఉంది, కానీ ఆ ఏజెన్సీ పేరు లేదు. సమాచారం తీసుకునే మూడో పక్షాల వివరాలు పాలసీలో చెప్పాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అన్నిటికన్నా ముఖ్యంగా, సమ్మతి వెనక్కి తీసుకోవడానికి, సమాచారం తొలగించమని అడగడానికి ఒక మెయిలు ఐడీ, ఫిర్యాదుల అధికారి హోదా ఉన్నాయి. అప్పటిదాకా మేం మెయిలు పెట్టిన కస్టమర్ కేర్ చిరునామా అది కాదు.

నంబర్లు ఫోన్‌లోంచే వెళ్లాయని చూపడం

పాలసీ ఎంత చక్కగా దొరికినా ఒక ఖాళీ మిగిలే ఉంది. కస్టమర్ల నంబర్లు యాప్ ద్వారానే వెళ్లాయని ఎలా చెప్పగలం? ఊళ్లో ఎవరినో అడిగి తెలుసుకున్నామని వాళ్లు అనొచ్చు.

ఇక్కడే ఆవిడ పేర్లు సేవ్ చేసుకునే తీరు అక్కరకొచ్చింది. ఫోన్లు వచ్చిన కస్టమర్లను ఒక్కొక్కరినీ కలిసి, అవతలివాడు మిమ్మల్ని ఏమని పిలిచాడో గుర్తుందా అని అడగమన్నాను. టీచరుగారి ఫోన్‌లో కాల్ రికార్డింగు ఆన్‌లో ఉంది. అందులో మొదటి మాటే "హలో, బోట్ నెక్ సరోజ టీచర్ గారేనా?" అని. ఇంకొకావిడని "యార్డ్ లక్ష్మి" అన్నాడట. లోకంలో ఎవరూ ఆవిడని అలా పిలవరు. ఆ పేరు ఉన్నది ఒక్క టైలరుగారి ఫోన్‌లోనే.

వాంగ్మూలాలు రాయించడం కష్టమైంది. ఫోన్లు వచ్చినవాళ్లు భయపడ్డారు, కొందరు ఈవిడ మీదే కోపంగా ఉన్నారు. వాళ్ల కోపంలో న్యాయముంది. వాళ్లు ఏ యాప్‌లోనూ ఏమీ నొక్కలేదు, ఎవరికీ సమ్మతి ఇవ్వలేదు. ఆ మాటే వాళ్లకు చెప్పాం: మీ నంబరు మీదే, దాన్ని తీసేయమని అడిగే హక్కు మీకు విడిగా ఉండాలి, మీ కోసమే రాయండి అని. ముగ్గురు ముందుకొచ్చారు. టీచరుగారు రెండు పేజీలు చక్కగా రాసిచ్చారు, తేదీ, సమయం, నంబరుతో సహా. రాత్రి తొమ్మిది దాటాక వచ్చిన కాల్ అది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని, రుణగ్రహీత బంధువులు, స్నేహితులు, రిఫరెన్సుల ఏకాంతంలోకి చొరబడకూడదని 2022 ఆగస్టు 12 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చెప్పింది.

పని చేసిన ఉత్తరం

ఇప్పుడు ఎవరికి రాయాలి? టెక్నాలజీ కంపెనీకా, ఎన్‌బీఎఫ్‌సీకా? ఇద్దరికీ రాశాం, కానీ ప్రధానంగా ఎన్‌బీఎఫ్‌సీ నోడల్ ఫిర్యాదుల అధికారికి. మార్గదర్శకాల ప్రకారం యాప్ చేసిన పనికైనా, ఏజెంటు చేసిన పనికైనా అప్పిచ్చిన సంస్థ తన బాధ్యత తప్పించుకోలేదు. రిజర్వ్ బ్యాంకు ముందు నిలబడేది అదే.

ఉత్తరంలో వేధింపుల గురించిన వర్ణన నాలుగు వాక్యాలు దాటనివ్వలేదు. ఆవిడకి అది నచ్చలేదు. పడ్డ బాధంతా రాయాలని ఆవిడ కోరిక, అది సహజం. కానీ ఆ టేబుల్ దగ్గరకు రోజూ వందల బాధలు వస్తాయి, వాటికి రెడీమేడ్ జవాబు ఉంటుంది. పాత పాలసీ పేరా, కొత్త పాలసీ పేరా, కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు, టీచరుగారి వాంగ్మూలం, ఈ నాలుగూ ఒకదాని కింద ఒకటి పెడితే వాటికి రెడీమేడ్ జవాబు ఉండదు.

కస్టమర్లకు ఫోన్లు తక్షణం ఆపాలని అడిగాం. కాంటాక్ట్ లిస్టును కంపెనీ సర్వర్ల నుంచీ, రికవరీ ఏజెన్సీ దగ్గర నుంచీ తొలగించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలన్నాం. ఆ ఏజెన్సీ పేరు చెప్పాలన్నాం. వడ్డీ, ఫీజులు, షరతులు ఒకచోట చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ కాపీ కావాలన్నాం, ఎందుకంటే ఏడాదికి అసలు ఎంత వడ్డీ పడుతుందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తమ్ముడు ఏజెంటు ఐడీకి కట్టిన వాయిదాని జమ చేయాలన్నాం. కాంటాక్ట్స్ వాడకానికి సమ్మతి వెనక్కి తీసుకుంటున్నామని, రుణ ఒప్పందానికి కట్టుబడే ఉన్నామని విడివిడిగా రాశాం. అదే రోజు ఆగస్టు వాయిదా నేరుగా సంస్థ ఖాతాకి కట్టించి రసీదు జతచేశాం. బాకీ ఎగ్గొట్టడానికి ఎత్తుగడ అనే మాట రాకుండా.

కస్టమర్లకు ఫోన్లు వారం తిరక్కుండా ఆగిపోయాయి. ఉత్తరానికి జవాబు మాత్రం గడువు దగ్గర పడ్డాక వచ్చింది. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చారు, ఆలస్య రుసుము మాఫీ చేశారు, యాప్ సర్వర్లలో కాంటాక్ట్ డేటా తొలగించామని రాశారు. రికవరీ ఏజెన్సీ గురించి, ఆ పోయిన వాయిదా గురించి ఒక్క మాట లేదు.

ఇక్కడితో ఊరుకుందామని ఇంట్లోవాళ్లు అన్నారు. ఫోన్లు ఆగాయి కదా అని. నేను ఇంకొక అడుగు వేద్దామన్నాను. కాపీ ఏజెన్సీ దగ్గర ఉన్నంతకాలం ప్రమాదం పోలేదు. వచ్చే ఏడాది ఇంకో కంపెనీ వసూళ్లకి అదే ఏజెన్సీ అదే జాబితా తీయొచ్చు. కస్టమర్ల ఫిర్యాదులు తేల్చడానికి అప్పట్లో అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు 2021 అంబుడ్స్‌మన్ పథకం కింద, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేసే వీలుండేది. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. ఆవిడ పేరుతోనే వేశాం. విచారణ నడుస్తుండగానే సంస్థ ఏజెన్సీ పేరు చెప్పి, వాళ్ల దగ్గర్నుంచి తొలగింపు ధ్రువీకరణ తెచ్చి ఇచ్చింది, వాయిదా డబ్బు జమ చేసింది.

సాధించలేకపోయినవి కూడా చెప్పాలి. ఆ జాబితా నిజంగానే అన్నిచోట్లా చెరిగిపోయిందని నిరూపించే సాధనం మా దగ్గర లేదు, వాళ్ల సంతకం ఒక్కటే ఉంది. ఫొటో మార్ఫింగ్ ఫిర్యాదులో నిందితుడెవరో తేలలేదు. దూరమైన కస్టమర్లలో ఇద్దరు తిరిగి రాలేదు. క్రెడిట్ రిపోర్టులో జులై వాయిదా ఆలస్యం నమోదై ఉంది. అది నిజమే కాబట్టి మార్చమని అడగలేదు.

ఈ కేసు తర్వాత నేను పాటిస్తున్నది, చెబుతున్నది

ప్రతి పాలసీ చదవమని నేనెవరికీ చెప్పను, అది జరిగే పని కాదు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు అలీషియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ 2008లోనే లెక్కగట్టారు: ఒక మనిషి ఏడాదిలో తాను చూసే వెబ్‌సైట్ల పాలసీలన్నీ చదవాలంటే సుమారు 244 గంటలు పడుతుంది. అప్పటికి యాప్‌ల కాలం ఇంకా సరిగ్గా మొదలవనే లేదు. కానీ డబ్బు, ఆరోగ్యం, పిల్లలు, ఈ మూడింటిలో దేన్ని తాకే యాప్ అయినా పది నిమిషాలు కేటాయించి తీరాలి. ఆ పది నిమిషాల్లో మొత్తం చదవక్కర్లేదు. తేదీ చూడండి. యాప్ నడిపేది ఎవరు, అసలు సేవ ఇచ్చేది ఎవరు, రెండూ ఒకటేనా చూడండి. ఫోన్‌లోంచి ఏమేం తీసుకుంటారు, ఎవరికిస్తారు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు చూడండి. సమ్మతి వెనక్కి తీసుకునే దారి, ఫిర్యాదు అధికారి చిరునామా ఉన్నాయా చూడండి. అవి లేని పాలసీ అయితే నేనైతే ఆ యాప్ వేసుకోను. ఉండి, తీసుకునేవాటిలో పనికి సంబంధం లేనిది కనిపిస్తే, ఆ పర్మిషన్ ఇవ్వకుండా యాప్ నడుస్తుందేమో చూస్తాను. నడవనంటే అక్కడే ఆగిపోతాను.

"మీరు ఒప్పుకున్నారు" అనే మాటకి జనం ఇచ్చే విలువ ఎక్కువ. ఆ తమ్ముడు తప్పంతా తనదేనని తల పట్టుకున్నది అందుకే. ఒప్పుకోలుకీ హద్దుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి గురించి చెప్పే సెక్షన్ 6లో అచ్చం ఇలాంటి ఉదాహరణే ఇచ్చింది. ఫోన్‌లో వైద్యం అందించే యాప్ ఒకటి వైద్యానికీ, కాంటాక్ట్ లిస్టుకీ కలిపి సమ్మతి అడిగింది, యూజరు రెంటికీ సరేనంది. వైద్యానికి కాంటాక్ట్ లిస్టు అవసరం లేదు కాబట్టి ఆమె సమ్మతి వైద్యం వరకే చెల్లుతుందని చట్టమే చెబుతోంది. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని కూడా అందులో ఉంది. అంటే తెలుగులో అడిగి తీసుకోవచ్చు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఈ కేసు నాటికి ఆ ఆసరా లేదు, రిజర్వ్ బ్యాంకు నిబంధనల మీదే నిలబడ్డాం. ఇకమీదట ఇలాంటి ఉత్తరాల్లో రెండూ ఉంటాయి. టీచరుగారి లాంటివాళ్లు, ఏ బటనూ నొక్కకుండానే తమ నంబరు పోగొట్టుకున్నవాళ్లు, సొంతంగా అడగడానికి కూడా ఈ చట్టంలో ఎంత చోటుందో అమలు మొదలయ్యాక ఒక ఫిర్యాదు వేసి చూడాలని ఉంది.

అప్పు కోసం యాప్ వేసుకునేవాళ్లకి ఒక సౌకర్యం వచ్చింది. రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలోని సంస్థల రుణ యాప్‌ల జాబితా 2025 జులై నుంచి దాని వెబ్‌సైట్‌లోనే ఉంటోంది. అందులో లేని యాప్ జోలికి వెళ్లొద్దు. ఉన్నా, వాట్సాప్ లింకు నుంచి దించుకోవద్దు.

అప్పు మంజూరైన రోజునే ప్రైవసీ పాలసీ పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి, లోన్ అగ్రిమెంటు, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటుతో కలిపి మీ మెయిలుకి మీరే పంపుకోండి. మాకు ఆర్కైవ్‌లో పాత కాపీ దొరికింది, అందరికీ దొరకదు. మెయిలులో ఉంటే తేదీ దానంతట అదే పడుతుంది, ఫోన్ పోయినా కాగితం పోదు.